సీమ కవులు ఎవరితో మాట్లాడారు?

బనగానపల్లె నుంచి యాగంటి దారి పడితే ఎర్రమల కొండలు, వాన కోసం ఎదురుచూసే చేలు. ఈ కరవు సీమలో కవిత్వం పుస్తకాల్లో కన్నా జనం నోళ్లలోనే ఎక్కువగా బతికింది. మరి నోళ్లలో నిలవాలంటే కవి ఎక్కడ నిలబడి చెప్పాలి? 'నేను' అనాలా, 'నువ్వు' అనాలా? కర్నూలు సీమ నుంచి కడప వైపు సాగితే దారి పొడవునా జవాబులే!

మొదటి మజిలీ బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ. వీరబ్రహ్మేంద్రస్వామి పశువులు కాస్తూ ఇక్కడి గుహలోనే కాలజ్ఞానం రాశారని చెబుతారు. ఆయన భవిష్యత్తును చూసొచ్చినట్టు మాట్లాడారు. అందుకే ఏ తరం విన్నా అది తమ కాలం గురించే అనిపిస్తుంది. యాగంటి బసవన్న కలియుగాంతాన రంకె వేస్తాడన్న నమ్మకంతో ఆ నందిని నేటికీ తేరిపార చూస్తారు భక్తులు. ఎక్కడ ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు' అనేస్తాం. ఆయన చెప్పినదానికి అర్థం వెతుక్కునే పని వినేవాళ్లదే.

స్వామి సమాధి ఉన్న బ్రహ్మంగారిమఠం మీదుగా బద్వేలు చేరితే, ఆ పక్కనే మొల్ల ఊరిగా చెప్పుకునే గోపవరం. రామాయణం మొదట్లోనే 'నేను' అంటూ పలకరిస్తుందామె. తాను కేసన కూతురినని, పెద్ద చదువులు రావని చెప్పుకుంటుంది. వెంటనే అర్థం కాని కావ్యం దండగేనంటుంది. ఇంకేముంది... చదువరికి భయం పోతుంది. పండితురాలి ముందు కాదు, పొరుగింటి ఆడపడుచు ముందు కూర్చున్నట్టే!

కడపలో సీపీ బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. 1820లో ఉద్యోగిగా ఈ ఊరొచ్చిన బ్రౌన్, తర్వాత తన బంగళాలోనే పండితులతో తాళపత్రాలకు ప్రతులు రాయించారు. వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చువేయించారు. అప్పటికే అవి ఊరూరా జనం నోట ఉన్నాయి. ఎందుకంటే వేమన లోకాన్ని ఎంత కడిగేసినా చివర్లో 'వేమా' అని తననే పిలుచుకుంటాడు. చీవాట్లు తనకే అన్నట్టుంటుంది. పక్కనుంచి విన్నవాడు ఉడుక్కోడు, నొచ్చుకోడు... మెల్లగా తలదించుకుంటాడు.

రాజంపేట దగ్గరి తాళ్లపాక అన్నమయ్యది మరో దారి. శృంగార కీర్తనల్లో ఆయన తాను తప్పుకొని నాయికను మాట్లాడిస్తాడు. కొన్నిసార్లు ఆమె చెలికత్తె అవుతాడు. ఆ పాట ఎవరు పాడితే ఆ విరహం వాళ్లదే. అయితే పాడేవాళ్లంటూ ఉండాలి కదా! 32 వేలని ప్రతీతి ఉన్న ఆ కీర్తనల్లో దొరికినవి రాగిరేకులకెక్కి తిరుమల గుడిలో శతాబ్దాలపాటు మౌనంగా ఉండిపోయాయి. అవి వెలుగు చూసింది 20వ శతాబ్దంలోనే. ఏ రేకూ దక్కని వేమన మాత్రం ఆ కాలమంతా పశువుల కాపరుల నోట కూడా పలుకుతూనే ఉన్నాడు.

ఈ ఇద్దరినీ కలిపిన వ్యక్తి కూడా సీమవాసే. వేమన మీద ఉపన్యాసాలిచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మే, తర్వాత అన్నమయ్య కీర్తనలకు రాగాలు కట్టారు. రేకుల మీది నాయికకు మళ్లీ గొంతొచ్చింది. పిల్లల చేత వేమన పద్యం అప్పజెప్పించుకునే ఇళ్లలో, ఓ అన్నమయ్య పాటకూ చోటిస్తే ఆ గొంతు మూగబోదు.