బంతి వేయువాని వెల

మనుష్యుడు తన యింటి లెక్క చూచుకొనుటకు బద్ధకించునుగాని పరుల కోట్లను లెక్కించుటలో మిక్కిలి చురుకుగా నుండును. ఐపీయల్ వేలము జరుగు దినములలో మహబూబునగరమునందుగాని నల్లగొండయందుగాని ఏ చాయి హోటలు ముందు నిలిచినను ఈ సంగతి తెలియగలదు. కూలికి పోయి వచ్చినవాడును, బడిపంతులును, విత్తనముల దుకాణదారుడును ఒకే బల్లమీద కూర్చుండి, సన్‌రైజర్సు హైదరాబాదు జట్టువారు ఏ బౌలరుకు ఎన్ని కోట్లు పోసిరో, ఎవనిని విడిచిపెట్టిరో, ఏ పడుచువానిని కొనియు ఆడనీయక కూర్చుండబెట్టిరో తీర్పులు చెప్పుచుందురు. పక్షములు రెండు. పేరుమోసిన బౌలరును ఎంత వెలకైనను కొనవలెననునది యొకటి. ఆ ధనముతో పదిమంది కుఱ్ఱవాండ్రను తీర్చిదిద్దరాదా యనునది రెండవది.

ఇది పనిలేనివారి ప్రసంగమని కొందరు పెద్దలు ఈసడించుకొందురు. నే నట్లనుకొనను. ధనమును ఎచ్చట వెచ్చించిన ఫలించును, ఎచ్చట వృథాయగును అను విషయమును అంకెలతో, ఉదాహరణములతో, ఒకరి నొకరు గౌరవించుకొనుచు వాదించు స్థలములు మన ఊళ్లలో ఎన్ని యున్నవి? పంచాయతీ లెక్కలు ఈ రీతిగా చర్చింపబడినయెడల మన కెంతటి మేలు కలిగియుండెడిదో!

మొన్న నేను విన్న వాదమును వారి మాటలలోనే వ్రాయుదును. "ఇర్వై కోట్ల యాభై లచ్చలు వోసి కమ్మిన్సును తెచ్చిండ్రు గదనే అన్నా, గా పైసలతోని మన పోరగాండ్లు ఎంతమంది తయారైతుండె?" అని పడుచువాడొక డడిగెను. "తమ్మీ, ఆయన రాకముందు మనది ఆఖరు నంబరు. వచ్చినంక ఫైనల్ ఆడినం. నువ్వేం లెక్క జెప్తవు?" అని పెద్దవాడు బదులు పలికెను. పలికినది సత్యమే. 2023లో హైదరాబాదు జట్టు పది జట్లలో పదియవదిగా నిలిచెను. ఆ సంవత్సరము డిసెంబరులో దుబాయిలో జరిగిన వేలమున పాట్ కమ్మిన్సును 20.50 కోట్లకు కొని నాయకత్వము నొసగిరి. 2024లో జట్టు తుదిపోరునకు చేరెను.

అయినను పడుచువాని ప్రశ్న త్రోసివేయదగినది కాదు. బౌలరుకు ఆటకు నాలుగే ఓవర్లు. మొదటి దశలోని 14 ఆటలలోను తన ఓవర్లన్నియు పూర్తిగా వేసినను అవి 336 బంతులే యగును. 20.50 కోట్లను వానికి పంచినచో బంతి యొక్కటికి ఆరు లక్షల రూపాయలు దాటును. నాయకత్వపు వెలయు అందులో కలిసియున్నదని ఒప్పుకొందము. కాని ఆ సంవత్సరమున కమ్మిన్సు తీసిన వికెట్లు 18. 2022 వేలములో 4 కోట్లకు కొనబడిన తమిళనాటి నటరాజను తీసినవి 19. వెలకును ఫలమునకును గల సంబంధ మింతమాత్రమే. ఇక పెద్దవాని పక్షమున చెప్పదగినదియు కలదు. దుబాయిలో ఆ దినముననే 24.75 కోట్లకు కలకత్తావారు కొన్న మిచెల్ స్టార్క్, 2024 మే 26న చెన్నపట్టణములో జరిగిన తుదిపోరులో మనవారిని 113 పరుగులకు కూల్చుటలో మొదటి చేయి వేసినవాడు.

ఒకప్పుడు ఈ జట్టు కీర్తియంతయు బంతి వేయువారివలననే కలిగినది. 2016లో కప్పు గెలిచినప్పుడు 23 వికెట్లతో అందరికంటె ముందున్న భువనేశ్వర్ కుమార్ 2014లో 4.25 కోట్లకు వచ్చినవాడు, ముస్తాఫిజుర్ 1.40 కోట్లకు దొరికినవాడు. మరుసటి యేడు ఆఫ్గను దేశపు రషీద్ ఖాను 4 కోట్లకు వచ్చెను. 2018 ఏప్రిల్ 24న బొంబాయిలో తాము 118 పరుగులే చేసియు ఎదుటివారిని 87కు కట్టివేసిన దినమును తలచుకొనిన ముసలివారి కన్నులు నేటికిని మెఱయును. తరువాత రుచి మారినది. 2024లో ముంబయిపై 277, బెంగుళూరుపై 287 పరుగులు చేసిరి. జనులు పరవశులైరి. కాని ఆ ముంబయివారు బదులుగా 246, బెంగుళూరువారు 262 చేసిరన్న మాట ఎవరును బిగ్గరగా చెప్పుకొనలేదు. 2024 నవంబరు వేలములో పదునొకండు సంవత్సరములు కొలిచిన భువనేశ్వర్ 10.75 కోట్లకు బెంగుళూరు పోయెను. మనవారు షమీని 10 కోట్లకు, హర్షల్ పటేలును 8 కోట్లకు తెచ్చుకొనిరి. 2025 ఏప్రిల్ 12న ఉప్పలులో పంజాబుతో జరిగిన ఆటయందు షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగు లిచ్చి ఒక్క వికెట్టును తీయలేదు. అభిషేక్ శర్మ 141 పరుగులు చేసి ఆ దినమున మానము కాపాడెను. ఆ యేడు కప్పు బెంగుళూరు పాలయ్యెను; భువనేశ్వర్ ఆ జట్టులో నుండెను. ఈ సంగతి వచ్చినప్పుడు మాత్రము రెండు పక్షములవారును ఏకమై తల లూపుదురు.

పడుచువారి పక్షమున వినవచ్చు పేర్లు ముఖ్యముగా రెండు. జమ్మూనుండి వచ్చిన ఉమ్రాన్ మాలిక్‌ను తొలుత సాధనలో బంతులు వేయుటకు పిలిచిరి. 2021లో ఆడించిరి. 4 కోట్లకు నిలుపుకొనిరి. 2022లో గంటకు 157 కిలోమీటర్ల వేగముతో వేసి 22 వికెట్లు తీసెను. మరుసటి యేడు 8 ఆటలలో 5 వికెట్లు మాత్రమే. 2024 నవంబరులో కలకత్తావారికి 75 లక్షలకు దొరికెను. జట్టు వానిని పాడుచేసినదని ఒకరందురు. వానికి బంతిమీద అదుపు లేదని మరియొకరందురు. రెండును సగము సగము నిజములే యని నా తలంపు. అదుపు నేర్పవలసిన కాలములో వేగము చూపి చప్పట్లు కొట్టించుకొంటిమి. అది మన దోషముకూడ.

రెండవ పేరు సిరాజుది. హైదరాబాదులో ఆటో నడుపువాని కుమారుడు. టెన్నిసు బంతితో వీధులలో నేర్చినవాడు. 2017లో ఈ జట్టే వానిని 2.60 కోట్లకు కొన్నది. మరుసటి యేడే బెంగుళూరువారు అదే వెలకు తీసికొనిపోయిరి. 2025 ఏప్రిల్ 6న అతడు గుజరాతు పక్షమున ఉప్పలుకు వచ్చి, తన ఊరి జనుల యెదుట, తన ఊరి జట్టుమీద 17 పరుగులకు 4 వికెట్లు తీసెను. "మన పోరడే మనల గొట్టిండు" అని హోటలులో ఒకరు దుఃఖమో గర్వమో తెలియని కంఠముతో అనిరి.

ఈ వాదము మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో బేస్‌బాలు అను బంతియాట కలదు. అందు ఆట నడుమ పిలువబడుటకై కాచుకొనియుండు బంతిదారులను ఒకచోట నిలిపియుంచుదురు. ఆ చోటికి వారి భాషలో గల పేరు మన ఎద్దుల దొడ్డి వంటిది. ఆ దొడ్డిమీద పెట్టు ఖర్చునుగూర్చి, పైకి రావలసిన కుఱ్ఱవాండ్రనుగూర్చి అచ్చటి ప్రజలును మన హోటళ్లలోవలెనే రాత్రింబవళ్లు తగవులాడుకొందురు. కాని ఒక భేదమున్నది. అచ్చటి పెద్దజట్లకు చిన్న ఊళ్లలో అనుబంధ జట్లు కలవు. వానిని వారు పొలములని పిలుతురు. 1920 దశాబ్దములో సెయింట్ లూయిస్ జట్టునకు బ్రాంచ్ రికీ అనువాడు ఈ పద్ధతిని పెంపొందించెను. పదునెనిమిదేండ్ల పిల్లవానిని తెచ్చి, ఆ పొలములలో నాలుగైదేండ్లు సాగుచేసి, పండినవానిని పైకి తెచ్చుకొందురు. పండనివానికై పోయిన ఖర్చును వారే భరింతురు.

మన ఐపీయల్ జట్లకు అట్టి పొలములు లేవు. వారు సంతకు వచ్చు బేరగాండ్రు. ఇది నిందించుటకై అనుట లేదు. వారి వ్యాపార మట్లున్నది. రైతు సంతలో ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కపెట్టును, మూపురము తట్టును, నాలుగడుగులు నడిపించి చూచును. దానిని దూడనాటినుండి గడ్డివేసి పెంచినవా డెవడని అడుగడు. కాబట్టి "జట్టువారు పోరగాండ్లను తయారు చేస్తలేరు" అను ఫిర్యాదు తప్పుడు గుమ్మమునందు కొట్టిన తలుపు. దూడను సాకవలసిన కొట్టము వారిది కాదు, మనది.

ఇచ్చట ఒక మాట. ఆటగాడు "అమ్ముడుపోయిండు" అను పలుకు నాకు చెవిలో గుచ్చుకొనును. ముందు బయానా పుచ్చుకొని మేస్త్రీ వెంట గుంపులుగా బయలుదేరి, దేశమందలి ఆనకట్టలను కట్టి కాలువలను త్రవ్విన పాలమూరు కూలీల సంతతివారము మనము. మనుష్యునికి వెలకట్టుటయన నేమో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. కోట్లు పుచ్చుకొనువానికి ఆ పలుకువలన నష్టము లేదు గాని, వినుచున్న పిల్లవాడు తాను సరకునని అనుకొనుటకు అలవాటుపడును.

ఇక మన కొట్టమును చూతము. మన ఊళ్లలో ఆట ఎట్లు సాగును? బ్యాటు ఎవనిదో వాడు ముందు కొట్టును. బ్యాటు కొనగలవాడు కలిగినవాని కొడుకు. బంతి వేయుటకు ఏ సామగ్రియు అక్కరలేదు, చేయి యున్న చాలును. కనుక లేనివాని కొడుకు వేయును. వాడు ఎండలో పరుగెత్తి పరుగెత్తి వేయగా, బ్యాటుగలవాడు అవుటైనను "నేను కాలే" అని నిలిచిపోవును. ఇండ్ల నడుమ కూలి యెవడో ఆట నడుమ బౌలరు వాడు. ఈ చిన్న అన్యాయమును ఎవరును సరకుచేయరు. కాని ఎఱ్ఱమొరపనేలమీద, రాళ్ల నడుమ, అంటుపట్టీ చుట్టిన టెన్నిసు బంతితో, గోడ దాటకుండ వేయవలసిన ఆ పిల్లవాడే కాళ్ల మొదట పడు యార్కరును తనకు తాను నేర్చుకొనును. నటరాజను అట్లు నేర్చినవాడే. సేలము జిల్లా చిన్నప్పంపట్టి వాని గ్రామము. 2018లో హైదరాబాదువారు 40 లక్షలకు కొనిరి. రెండేండ్లు ఎదురుచూచి 2020లో 16 వికెట్లు తీసి, ఆ శీతకాలముననే ఆస్ట్రేలియాలో దేశము తరఫున ఆడెను. పిమ్మట తన గ్రామములోనే పిల్లలకు ఆటస్థలము నేర్పరచెను.

మన నేలకు మరియొక శాపముండెడిది. కృష్ణానీరు గొట్టములలో ఇంటికి రాకమునుపు నల్లగొండ జిల్లా మఱ్ఱిగూడ ప్రాంతమున ఫ్లోరైడు నీరు త్రాగిన పిల్లల కీళ్లు బిగిసి, చేయి చాచుటయే గగనమై యుండెను. ఆ తరములో బంతి వేయవలసిన చేతులెన్ని వంగిపోయినవో ఏ వేలమును లెక్కింపజాలదు.

వీధిలో నేర్చిన పిల్లవానికి తోలుబంతి వేరు, ముళ్లబూట్లు వేరు, పట్టణపు లీగు ఆటలు వేరు. మహబూబునగరమునుండిగాని నల్లగొండనుండిగాని హైదరాబాదునకు ఇంచుమించు నూరు కిలోమీటర్లు. పిల్లవానిని తీసికొనిపోవుట యన్న తండ్రికి ఒకనాటి కూలి పోవుట. 1934లో పుట్టిన హైదరాబాదు సంఘము 1937-38లో ఒకమారు, 1986-87లో ఒకమారు రంజీ కప్పు గెలిచినది. 2024-25 వరకు మూడవది రాలేదు. ఇందుకు కారణములు పెక్కు లుండవచ్చును. ఆ నూరు కిలోమీటర్ల దూరమును వానిలో నొకటిగా నేను గణింతును. భద్రాచలపు బాలిక గొంగడి త్రిష 2025లో మలేషియాలో జరిగిన పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి, 7 వికెట్లు తీసి, అందరిలో ఉత్తమురాలిగా ఎన్నుకోబడినది. ఆమె సాధనకొరకు కుటుంబమే హైదరాబాదునకు తరలిపోవలసి వచ్చెను. కుటుంబమును కదల్పలేని ఇండ్లలోని బాలికల మాట ఏమి? హోటలు చర్చలలో బాలికల పేరే వినబడదు.

గత వినాయకచవితికి మా వాడకట్టు యువకులు చందాలు పోగుచేసినప్పుడు, మిగిలిన సొమ్ముతో తోలుబంతులు కొనవలెనని నేను కోరితిని. బ్యాట్లే కావలెనని కొందరు పట్టుబట్టిరి. కమ్మిన్సు వెలనుగూర్చి ప్రతిదినము పోట్లాడు వారిద్దరును ఈ విషయమున నా పక్షము చేరిరి. ఆరు బంతులు కొంటిమి. రెండు తుమ్మపొదలలో పోయినవి. తక్కినవి రాళ్లకు గీచుకొనిపోయినను, పదునాలుగేండ్ల బాలుడొకడు ఒకవైపు మాత్రము అంగీకి రుద్ది రుద్ది నిగనిగలాడునట్లు ఉంచుచున్నాడు. "సార్, ఇట్ల రుద్దితె లోపలికి వోతది" అని నాకు చూపించెను. వానికి బూట్లు లేవు. వచ్చు నెల చందా చిట్టాలో వాని కాలి కొలత వ్రాసికొంటిమి.