కేకు సరే... సీసాలెందుకు?

మా చిన్నప్పుడు పుట్టినరోజంటే తలంటు, కొత్త గౌను, గుళ్లో కొబ్బరికాయ, బళ్లో అందరికీ చాక్లెట్లు. అంతే. ఇప్పుడలా కాదు. మా ఉంగుటూరులాంటి ఊళ్లోనూ పదహారేళ్ల కుర్రాడి పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతున్నారు. అర్ధరాత్రి బైకు సీటు మీద కేకు పెట్టి కోస్తున్నారు. సగం నోట్లోకి, సగం మొహానికి! అంతవరకూ నాకే బాధా లేదు. కేకు తర్వాత ఏమిటన్నదే నా భయం.

మావాడు తాడేపల్లిగూడెంలో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాడు. ఈమధ్యే పదిహేడు నిండాయి. ‘అమ్మా, ఈసారి ఫ్రెండ్సుని పిలుస్తా. మేడమీద చేసుకుంటాం’ అన్నాడు. పన్నెండుమంది. సరేనన్నాను. ‘నువ్వు మాత్రం పైకి రాకు. భోజనాలు పంపిస్తే చాలు’ అన్నాడు. పిల్లలు చెప్పేదానికన్నా చెప్పనిదే తల్లికి ముందు వినపడుతుంది.

‘మందు తెస్తారా?’ అని సూటిగా అడిగాను.

కాసేపు నేల చూపులు చూశాడు. ‘నేను తాగనమ్మా. కానీ వాళ్లు తెస్తే వద్దని ఎలా చెప్పను? నా పరువు పోతుంది.’

ఆ వయసులో పరువంటే ప్రాణంతో సమానం. అందుకే ‘నువ్వేమీ చెప్పకు. నేను చెబుతా. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటారు’ అన్నాను. వాడి మొహంలో చిరాకుతోపాటు కాస్త తేలికదనం కూడా కనిపించింది నాకు.

ఈలోగా మా మరిది వచ్చాడు. కొల్లేరు వైపు చేపల చెరువులు చేస్తాడు. మనసున్న మనిషి. ‘ఈ కాలం కుర్రాళ్లు వదినా! ఎక్కడో కాలవగట్టున చాటుగా తాగేకన్నా మనింట్లో, మన కళ్లముందు ఒక్కో బీరు తాగితే మేలు కదా. నేను తెస్తాలే’ అన్నాడు.

ఈ మాట అతనొక్కడిదే కాదు. చదువుకున్నవాళ్లూ అంటున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మడమే నేరం. పద్దెనిమిది నిండని పిల్లలకి డాక్టరు చెబితే తప్ప మద్యం ఇస్తే, 2015 నాటి బాలల న్యాయచట్టం 77వ సెక్షను కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. మనిల్లే కదా అని చట్టం గుమ్మం బయట ఆగిపోదు. అందులోనూ వచ్చేది పరాయివాళ్ల పిల్లలు.

చట్టం సంగతలా ఉంచండి. ‘కళ్లముందు’ తాగితే మేలన్నదైనా నిజమా? ఆస్ట్రేలియాలో దాదాపు 1,900 మంది పిల్లల్ని 2010 నుంచి ఆరేళ్లపాటు గమనించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రులే పోసి ఇవ్వడం వల్ల పిల్లలకి రక్షణ దొరికిన దాఖలా ఏమీ కనబడలేదట. పైగా అలాంటి పిల్లలు బయట కూడా సంపాదించుకుని తాగే అవకాశం ఎక్కువైందట. పదిహేనేళ్లలోపే మొదలుపెట్టినవాళ్లు వ్యసనపరులయ్యే ప్రమాదం, ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లకన్నా దాదాపు నాలుగింతలని అమెరికాలో 1997లోనే లెక్కతేల్చారు. మెదడు పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుందంటారు డాక్టర్లు.

నేను ఇవన్నీ చెబుతుంటే మా అత్తగారు వింటున్నారు. ఆవిడ చదివింది ఐదో తరగతే. ‘1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని విని మాకూ ధైర్యం వచ్చింది. మరుసటేడు సారా ఆపారు. 1995లో మొత్తం మందే ఆపారు. 1997కల్లా మళ్లీ తెరిచారనుకో. అప్పుడు మొగుళ్ల చేత మాన్పించడానికి తిప్పలు పడ్డాం. ఇప్పుడు మనవలకి మనమే పోసిద్దామంటావేంట్రా?’ అన్నారు. మా మరిది ఇక మాట్లాడలేదు.

పన్నెండుమంది ఇళ్లకీ నేనే ఫోన్ చేశాను. ‘మా ఇంట్లో మందు ఉండదు. పిల్లల్ని ఆరింటికి దింపి, తొమ్మిదిన్నరకి మీరే వచ్చి తీసుకెళ్లండి’ అన్నాను. కారణముంది. మా ఊరి మీదుగా వెళ్లేది జాతీయ రహదారి. చీకటి పడితే లారీలు ఒకదాని వెనకొకటి. అయినా ముగ్గురు బైకుల మీదే వచ్చారు. తాళాలు తీసుకుని స్టీలు గిన్నెలో వేసి దేవుడి గదిలో పెట్టాను. మేడమీద బిర్యానీ, శీలావతి వేపుడు, పాటలు. మంచినీళ్లనీ, పెరుగనీ గంటకోసారి నేనో, మావారో పైకెళ్లాం. మావాడు మూతి ముడిచాడు. ముడవనీ.

ఎనిమిదింటికి ఒక కుర్రాడు పిట్టగోడకి ఆనుకుని కూలబడ్డాడు. కూల్‌డ్రింకు సీసాలో కలుపుకొచ్చాడు. దారిలోనే సగం తాగేశాడట. తిట్టలేదు. మిగిలింది పారబోశాను. మజ్జిగ, నిమ్మరసం తాగిస్తే దిగిపోతుందంటారు గానీ, దిగదు. గంటలు గడవాల్సిందే. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మావారు వాడి దగ్గరే కూర్చున్నారు. వెల్లకిలా పడుకోబెడితే, వాంతయినప్పుడు ఊపిరాడక ప్రాణం మీదికొస్తుంది. లేపినా పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించినా క్షణం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. అదృష్టవశాత్తూ అంతదాకా రాలేదు.

వాళ్ల నాన్నకి ఫోన్ చేయబోతే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. ‘చెప్పకమ్మా, వాణ్ని చంపేస్తాడు.’

‘చెప్పకపోతే ఇంకోసారి వేరే ఏదైనా చంపేస్తుంది’ అని ఫోన్ చేశాను.

ఆయన పావుగంటలో ఆటోలో వచ్చారు. కొడుకుని చూసి చెయ్యెత్తారు. మావారు మధ్యలోకి వెళ్లారు. అప్పుడు తెలిసింది, ఆయన దగ్గరా అదే వాసన. ‘అన్నయ్యగారూ, ముందు కూర్చోండి’ అన్నాను. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ‘నేనేం మొహం పెట్టుకుని చెప్పనమ్మా వాడికి?’ అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మన పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, చేపలు పట్టిన రోజున చెరువుగట్ల మీద మగవాళ్లు తాగుతుంటే సోడాలు అందించేది ఎవరు? ఈ పిల్లలే కదా! వద్దని నోటితో చెబుతూ, ఎలాగో చేతలతో చూపిస్తున్నాం.

మావాడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు ఆ కుర్రాడే ఇంటికొచ్చి ‘ఆంటీ, సీసా తెచ్చినందుకు సారీ’ అన్నాడు. కాసేపాగి ‘మా నాన్న ఆ రోజు నుంచీ ఇంట్లో తాగట్లేదు’ అన్నాడు. బయట తాగుతున్నాడో లేదో నేనడగలేదు. వాడి కళ్లల్లో ఆశ ఉంది. అది చాలనిపించింది.

పిల్లలకి పార్టీలు వద్దనకండి. పిలవనివ్వండి, పాడుకోనివ్వండి, ఇల్లు పీకి పందిరి వేయనివ్వండి. మీరు మాత్రం ఇంట్లో ఉండండి. మెలకువగా ఉండండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రోజన్నా తాగకుండా ఉండండి.