షెడ్డుకా సీలింగు?

స్త్రీకి తనదైన ఒక గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. ఆ మాటని మనం ఎన్ని సభల్లో, ఎన్ని వ్యాసాల్లో చెప్పుకున్నామో! అయితే ఆ గదికి పైకప్పు ఎలాంటిదో ఎవరం అడగలేదు. చలిదేశపు మనిషి కాబట్టి ఆవిడకి అవసరం రాలేదేమో. బెజవాడ ఎండల్లో బతికే మనకి ముందు రావలసిన ప్రశ్న అదే.

మాది ఇబ్రహీంపట్నం. పక్కనే కొండపల్లి. తెల్ల పొణికి కర్రని చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి బొమ్మలు చేస్తారు. చెక్కేది ఎక్కువగా మగవాళ్లు. రంగులద్దేది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ ఇళ్లలోనే. నేనూ మా తోడికోడలూ దొడ్లో షెడ్డులో కూర్చుని ఏనుగు అంబారీలకీ తాడిచెట్లకీ రంగులేస్తాం. షెడ్డు మీద మామగారు ఎప్పుడో వేయించిన సిమెంటు రేకులు. మే నెలలో పదకొండు దాటితే రంగు కుంచెకే ఎండిపోతుంది. 2015 మే వడగాడ్పులకి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వడదెబ్బంటే పొలంలోనో రోడ్డుమీదో తగిలేదే అనుకుంటాం. ఇంట్లో రేకుల కింద పనిచేసే ఆడదానికి తగిలితే మాత్రం దాని పేరు ‘నీరసం’.

చీటీ డబ్బు చేతికొచ్చాక షెడ్డుకి అల్యూమినియం పేనెళ్ల సీలింగు వేయిద్దామనుకున్నాం. “హాలుకి వేయించుకుంటే నలుగురూ చూస్తారు. షెడ్డుకా సీలింగు?” అంది అత్తగారు. చూసే చోటుకి అందం కావాలి గానీ, పనిచేసే చోటుకి నీడెందుకని! కొలతలకొచ్చిన మేస్త్రీ మా ఇద్దర్నీ దాటి లోపలికి చూస్తూ “సార్ లేరా అమ్మా?” అన్నాడు. “సారుకి కుంచె పట్టడం రాదు బాబూ, మాతోనే మాట్లాడు” అంది తోడికోడలు.

థర్మోకోల్ చవకే. కానీ టర్పెంటైనూ ఎనామిల్ డబ్బాలూ ఉండే చోట తొందరగా అంటుకునేది నెత్తిమీద పెట్టుకోలేం. జిప్సం పలకలు చెమ్మకి పాడవుతాయి. అల్యూమినియం మెరిసే ముఖం పైకి ఉంటే రేకు నుంచి దిగే వేడిని చాలావరకు వెనక్కి కొడుతుంది. అందుకు మధ్యలో ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో గాలి ఆడాలి. జానెడు ఖాళీ వదిలించి, ఎదురెదురు గోడల్లో జాలీలు పెట్టించాం.

రేకులకే డ్రిల్లు పెట్టి కడ్డీలు వేలాడదీస్తానన్నాడు మేస్త్రీ. వద్దన్నాం. అవి ఆస్బెస్టాస్ రేకులు. తొలిస్తే లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరితే, దశాబ్దాల తర్వాత కూడా కాన్సరు రావచ్చు. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అది కార్ఖానాల్లో పనిచేసేవాళ్ల గురించి. ఇంట్లో కూర్చుని పని చేసిచ్చేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. కాబట్టి మా షెడ్డుకి ఇన్‌స్పెక్టర్లం మేమే. చివరికి రేకుల్ని ముట్టుకోకుండా, గోడ నుంచి గోడకి ఇనప గొట్టాలు వేయించి వాటికి చట్రం బిగించారు.

రివిట్లు కొడితే పని తొందరగా తెములుతుందన్నాడు. స్క్రూలే కావాలన్నాం. వైర్లు చూసుకోవాలంటే విప్పడం తేలిక అన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం, ఇల్లు మామగారి పేరున ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి మన రాష్ట్రం 1985 నుంచే వాటా ఇచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం కోడలికి ఆ ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. ఉన్నంత మాత్రాన గోడ ఆమెది కాదు. రేపు పంపకాలొస్తే గోడలు వాళ్లవి, పేనెళ్లు మావి. బిల్లు మా ఇద్దరి పేర్లమీదే తీసుకున్నాం. స్క్రూడ్రైవరు నా సొరుగులోనే ఉంటుంది.

ఈ వేసవిలో మధ్యాహ్నం రెండింటిదాకా కుంచె ఆగలేదు. షెడ్డు చల్లబడిందని తెలిశాక ఇంట్లో మగవాళ్లకి అక్కడ కునుకు తియ్యాలనిపించింది. ఓ రోజు మడతమంచం మోసుకొచ్చారు కూడా. లోపల తడి రంగు బొమ్మలున్నాయని చెప్పి, మంచాన్ని గుమ్మం బయటే ఆపాం. అన్ని రోజులూ తడి రంగు ఉండదు. మరి ఆ రోజుల్లో ఏం చెప్పాలన్నది మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.