కరవు సీమ – కళాభిరుచి

మానవ జీవితంలో వృత్తి ఎంత ముఖ్యమో ప్రవృత్తి కూడా అంతే ముఖ్యం. వృత్తి జీవనాన్ని నిలబెడుతుంది. ప్రవృత్తి ఆ జీవనానికి ఒక రుచిని కల్పిస్తుంది. అయితే కళలూ, అభిరుచులూ కడుపు నిండినవారికే గాని కష్టజీవులకు కావన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. పంట పండి, ధాన్యం ఇల్లు చేరి, చేతినిండా తీరిక దొరికిన తరువాతనే పాటా ఆటా గుర్తుకు వస్తాయని చాలామంది భావిస్తారు. ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి అనంతపురం సీమ చరిత్రను మించిన సాక్ష్యం లేదు.

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదీ సమయానికి కురుస్తుందన్న నమ్మకం లేదు. ఎర్రనేలల్లో వేరుశనగ విత్తిన రైతు ఆకాశం వైపు చూస్తూ కాలం గడుపుతాడు. పంట చేజారిన ఏడు ఎన్నో కుటుంబాలు పనులు వెతుక్కుంటూ బెంగుళూరు దారి పడతాయి. తీరికే కళకు తల్లి అయితే ఈ నేల మీద ఏ కళా పుట్టి ఉండకూడదు. కాని ఇక్కడ ఉరుములు మోగాయి, చెక్కభజనలు సాగాయి, తోలుబొమ్మలు ఆడాయి, నాటక సమాజాలకు ప్రాణం పోసిన మహానటులు పుట్టారు.

అనంతపురం పల్లెల జానపద కళల్లో ఉరుముల నృత్యం విశిష్టమైనది. ఉరుము అనే వాద్యానికి ఒకవైపు పుల్లతో కొడతారు. రెండవవైపు వంపు తిరిగిన పుల్లతో రాస్తారు. ఆ రాపిడిలో పుట్టే గంభీర ధ్వని మేఘగర్జనను తలపిస్తుంది. వాన కోసం తపించే నేల తన వాద్యానికి ఉరుమని పేరు పెట్టుకోవడంలో ఎంతో ఔచిత్యం ఉంది. దేవతల జాతరలలో ఈ వాద్యం మోగుతుంటే కళాకారులు వలయాకారంగా అడుగులు వేస్తారు.

కోలాటం, చెక్కభజన వంటివి మరింత మందిని కలుపుకొనిపోయే కళలు. పగలు మడకతోలిన చేతులే రాత్రి రామాలయం ముందు చెక్కలు పట్టుకుంటాయి. ఇందులో ప్రవేశానికి పరీక్ష లేదు. కొత్తగా వచ్చినవాడు వరుసలో చివర నిలబడతాడు. అడుగు తప్పితే పక్కవాడు సర్దుతాడు. తాళం తప్పితే గురువు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. కోలాటంలో ఒక్కరి కోల తప్పినా వలయమంతా చెదురుతుంది. అందువల్ల ఒకరికి నేర్పడం అక్కడ దయాధర్మం కాదు, అందరి అవసరం. కొత్త విద్య నేర్చుకోవడానికి జంకే మనసుకు ఇటువంటి బృందం కంటె మంచి పాఠశాల దొరకదు.

వానలు ముఖం చాటేసినప్పుడు విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగు పల్లెల్లో పూర్వం నుంచి ఉన్న ఆచారం. దానివల్ల వాన కురిసిందా లేదా అన్న ప్రశ్నను పక్కన పెడితే, దిగులుతో ఎవరి ఇంట్లో వారు ముడుచుకొని కూర్చోవలసిన రాత్రి ఊరంతా ఒక్కచోట చేరేది. కష్టం అందరిదీ అని తెలిసినప్పుడు దాని బరువు కొంత తగ్గుతుంది. కరవునాడు కూడా కళను వదులుకోకపోవడంలోని రహస్యం ఇదే.

పల్లెల సంగతి ఇలా ఉండగా పట్టణాలలోని విద్యావంతులు నాటకాన్ని తమ ప్రవృత్తిగా స్వీకరించారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) వృత్తిరీత్యా న్యాయవాది. ఆయన బళ్లారిలో సరస వినోదిని సభను స్థాపించి, నాటకాలు రచించి, స్వయంగా నటించారు. ఆయన రచించిన ‘విషాద సారంగధర’ తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధి పొందింది. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించారు. ఆనాటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. 1882లో బళ్లారి జిల్లా నుంచి అది వేరుపడింది. రాఘవ కూడా మేనమామ బాటలోనే న్యాయవాది అయ్యారు. పగలు న్యాయస్థానంలో వాదించిన ఆ గొంతే రాత్రి రంగస్థలంపై హరిశ్చంద్రుడిగా, దుర్యోధనుడిగా, పఠానుగా ప్రేక్షకులను కదిలించింది. ఆయన తెలుగులోనే గాక కన్నడ, ఆంగ్ల నాటకాల్లోనూ నటించారు. రాగాలు తీస్తూ పద్యాన్ని సాగదీసే పద్ధతిని కాదని, పాత్ర మనసును పలికించే సహజ నటనకు పెద్దపీట వేశారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. నాటకం ఆయనకు జీవనోపాధి కాదు. బహుశా అందువల్లనే జనం మెచ్చే పాత దారిని విడిచి కొత్త దారిని ప్రయత్నించే స్వేచ్ఛ ఆయనకు లభించింది.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ జీవితం మరొక ఉదాహరణ. ఆయన 1893లో ఈ జిల్లాలోని రాళ్లపల్లి గ్రామంలో జన్మించారు. మైసూరు మహారాజా కళాశాలలో మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు బోధించడం ఆయన వృత్తి. దానితోపాటు గురువులను ఆశ్రయించి సంగీతాన్ని శ్రద్ధగా అభ్యసించారు. ఉద్యోగ విరమణ తరువాత తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించే అవకాశం వచ్చినప్పుడు, తెలుగు పాండిత్యం, సంగీత జ్ఞానం రెండూ ఆయనకు అక్కరకు వచ్చాయి. రాగిరేకుల మీద సాహిత్యమూ రాగాల పేర్లూ ఉన్నా, పాడే బాణీలు మరుగునపడిన పాటలు ఎన్నో ఆయన కృషితో మళ్లీ గాయకుల కంఠాలకు చేరాయి. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను ‘సంగీత కళానిధి’ బిరుదుతో గౌరవించింది.

అయితే అన్ని కళలకూ ఇటువంటి అదృష్టం పట్టలేదు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. ఇది 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి కళాకారులు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తొలగించి, వెలుతురు చొరబడేంత పలుచగా సిద్ధం చేస్తారు. దానిపై బొమ్మ గీసి, చిన్న ఉలులతో రంధ్రాలు పొడిచి, రెండువైపులా రంగులు వేస్తారు. తెర వెనుక దీపం వెలిగించినప్పుడు ఆ రంధ్రాలే హారాలుగా, కిరీటాలుగా మెరుస్తాయి. రామాయణ భారత కథల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క ప్రవేశించి జనాన్ని కడుపుబ్బ నవ్విస్తారు. యుద్ధ ఘట్టంలో కాలికింది చెక్కబల్లను తొక్కి చప్పుడు పుట్టిస్తారు. ఒకే కుటుంబంలోని స్త్రీ పురుషులు కలిసి పాడి, ఆడించే కళ ఇది.

సినిమా, టెలివిజన్ వచ్చిన తరువాత ఈ ఆటకు పిలుపులు తగ్గిపోయాయి. అప్పుడు నిమ్మలకుంట వాసులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తమకు వచ్చిన విద్యనే కొత్త పనికి మళ్లించి, తోలుతో దీపపు గుమ్మటాలు, గోడకు వేలాడదీసే చిత్రాలు తయారు చేయసాగారు. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఇవన్నీ సంతోషించదగిన విషయాలే. కాని దీపపు గుమ్మటం మీద రాముడు కదలడు, పాడడు. బొమ్మను కొనేవారు పెరిగినా ఆటను చూసేవారు లేకపోతే చేతి నైపుణ్యం మిగులుతుంది. పాట, హాస్యం, కథను నడిపే నేర్పు క్రమంగా మరుగునపడతాయి. బిరుదులు కళాకారుడిని గౌరవించగలవు గాని, ఖాళీ మైదానంలో ప్రేక్షకులను కూర్చోబెట్టలేవు.

కాబట్టి కళను నిలబెట్టే బాధ్యత కళాకారుడి ఒక్కడిదే కాదు, చూసేవారిది కూడా. ఊరి జాతరలో ఉరుములు మోగుతున్నప్పుడు ఒక గంట నిలబడి వినడం, కోలాటం వలయంలో చివరి స్థానమైనా అందుకోవడం, లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాల ముందు కూర్చొని ఒక్క అంచునైనా కాగితం మీద గీయడానికి ప్రయత్నించడం ఏ విద్యార్థికీ అసాధ్యం కాదు. వీటికి ఖర్చు స్వల్పం. మొదటి ప్రయత్నంలో గీత వంకరపోవచ్చు, అడుగు తడబడవచ్చు. అయినా స్వయంగా ఒక్కసారి గీసి చూసినవాడికే లేపాక్షి చిత్రకారుడి చేతి నిలకడ ఎంతటిదో తెలుస్తుంది. తాళం తప్పినవాడికే తప్పని తాళం విలువ తెలుస్తుంది. ఆ తెలివిడితో చూసే ప్రేక్షకుడు తెర ముందు కూర్చుంటే తెర వెనుక కళాకారుడికి కలిగే ఉత్సాహం వేరు.

అనంతపురం సీమ వాన కోసం ఎదురుచూస్తూ పాటను ఆపలేదు. తీరిక దొరికినప్పుడు కళ నేర్చుకుందామని వాయిదా వేసేవారికి ఈ కరవు నేల చెప్పే పాఠం అదే.