ముందు ప్లగ్గు, తర్వాత ప్రాసెసరు

కంప్యూటరు కొంటున్నానని ఎవరితోనైనా అనండి. "ప్రాసెసరు ఏది?" అంటారు. ఆ వెంటనే "ర్యామ్ ఎంత? గ్రాఫిక్స్ కార్డు ఉందా?" అంటారు. "ఎస్.ఎం.పి.ఎస్. ఏది?" అని అడిగినవాణ్ణి మా హాస్టలు మొత్తంలో నేనింతవరకు చూడలేదు. పెళ్ళిలో అందరూ పెళ్ళికొడుకును చూస్తారుగాని వంటవాణ్ణి ఎవరు చూస్తారు? అన్నం మాడిననాడు మాత్రం అందరికీ అతనే గుర్తుకొస్తాడు.

ఈ ఎస్.ఎం.పి.ఎస్. అనే ఇనుప డబ్బా చేసే పని చెప్పడానికి చిన్నదే. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏ.సి. కరెంటును 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చి లోపలి భాగాలకు వడ్డిస్తుంది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుకు 63.5 వాట్ల సప్లయి సరిపోయింది. ఈనాడు ఒక మధ్యరకం గ్రాఫిక్స్ కార్డే వంద వాట్లకు పైగా తింటుంది. వడ్డించేవాడి బాధ్యత అంతగా పెరిగిందన్నమాట.

ఈ సంగతి నేను పుస్తకంలోకన్న టేక్మాల్‌లో ఎక్కువ నేర్చుకున్నాను. మెదక్ జిల్లాలోని మా మండల కేంద్రమది. డిగ్రీ పూర్తిచేసిన మా తమ్ముడు 2023 వేసవిలో అక్కడ ఆన్‌లైన్ సెంటరు పెడతానన్నాడు. దరఖాస్తులు నింపడం, ఫీజులు కట్టడం, హాల్‌టికెట్లు తీసివ్వడం, కాస్త డి.టి.పి. ఇవీ పనులు. యాసంగి వడ్ల పైకంలోంచి బాపు 40 వేలు తీసి నా చేతిలో పెట్టి, "ఇంతకుమించి లేవు బిడ్డా. చూసి తీసుకురా" అన్నాడు. ఇంజనీరింగు చదివే కొడుకుకు అంతకన్న పెద్ద పరీక్ష ఏ యూనివర్సిటీ పెడుతుంది?

తమ్ముడు అప్పటికే ఫోన్‌లో చూసి జాబితా రాసుకున్నాడు. రంగురంగుల లైట్ల కేబినెట్, 9 వేలకు ఒక సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు. "సెంటర్ల లైట్లు కనబడితె గిరాకి వస్తదన్నా" అని వాడి వాదం. యు.పి.ఎస్. ఆ జాబితాలో లేదు. ఎస్.ఎం.పి.ఎస్. కేబినెట్‌తో పాటు వచ్చేదే.

నేను వెంటనే వాదించకుండా మల్టీమీటరు తీసి పదిరోజులు మా గోడ ప్లగ్గులో వోల్టేజి రాశాను. పగలు 225 నుంచి 235. సాయంత్రం 185. ఒకరోజు 168. అర్ధరాత్రి, అందరూ పడుకున్నాక, 250 దాటింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు కనుక మోటర్లు ఏ వేళనైనా నడవవచ్చు. కరెంటు పోయి తిరిగి రాగానే బోర్ల దగ్గర ఆటోస్టార్టర్లన్నీ ఒక్కసారే మేల్కొంటాయి. మోటరు కదిలే ఆ మొదటి క్షణంలో మామూలుకన్న ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అప్పుడు ఊళ్ళో బల్బులు ఎట్లా ఎర్రబడతాయో పల్లె నుంచి వచ్చిన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఆ కాగితం ముందు పెట్టుకుని లెక్క వేశాము. దరఖాస్తులు నింపే యంత్రానికి గ్రాఫిక్స్ కార్డు దేనికి? చిత్రాలు చూపే భాగం లోపలే ఉన్న 65 వాట్ల తరగతి ప్రాసెసరు చాలు. గట్టిగా పనిచేసినప్పుడు అది 90 వాట్ల దాకా పోతుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్.ఎస్.డి., ఫ్యాన్లు అన్నీ కలిపినా మొత్తం 150 వాట్లు దాటదు. కాబట్టి 450 వాట్ల సప్లయి ధారాళంగా సరిపోతుంది. ఇక్కడ వాట్ల సంఖ్యకన్న ముఖ్యమైనవి మూడున్నాయి.

ఒకటి, లేబులు మీద 12 వోల్టుల ఎదురుగా ఉన్న ఆంపియర్లు. ప్రాసెసరు తినేది ఆ గిన్నెలోంచే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినప్పుడు నేను చూసిన ఒక డబ్బా మీద 450 వాట్లని పెద్ద అక్షరాలు, 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లని చిన్న అక్షరాలు ఉన్నాయి. పన్నెండు పదహార్లు 192. మిగతా వాట్లు ఏ దేవుడికి నైవేద్యం పెట్టారో తెలియదు! నిజాయితీగల 450 వాట్ల సప్లయి మీద అక్కడ 36 ఆంపియర్ల దరిదాపు ఉంటుంది.

రెండు, ఇన్‌పుట్ వోల్టేజి. కొన్నింటి మీద 200–240 అని, కొన్నింటి మీద 100–240 అని ఉంటుంది. పట్నంలో ఈ తేడా ఎవరికీ పట్టదు. సాయంత్రం 168 చూసినవాడికి మాత్రం ఆ 100 అనే అంకె బంగారం. ఇట్లా తక్కువ వోల్టేజికి తట్టుకునేవాటిలో సాధారణంగా యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ అనే ఏర్పాటు ఉంటుంది. దీన్ని బాపుకు ఎట్లా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే ఆయనే, "బోరు మోటరుకు కెపాసిటర్ పెట్టినట్లు గదా" అన్నాడు. ప్రయోజనం అదే! లైను నుంచి వృథాగా కరెంటు లాగకుండా చూడటం. ఇక ఆ డబ్బాల మీద కనిపించే 80 ప్లస్ అనే ముద్ర 2004లో మొదలైంది. అందులో బ్రాంజ్ తరగతిది సగం లోడులో 85 శాతం కరెంటును పనికి అందించి, తక్కినదే వేడిగా పోగొడుతుంది. రేకుల కింద కూర్చునే సెంటరులో వేడి తగ్గడం చిన్న లాభం కాదు.

మూడు, ఊపిరి బిగబట్టే శక్తి. కరెంటు తెగినా మంచి సప్లయి పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు లోపలి వోల్టేజి పడిపోకుండా నిలుపుతుంది. రెప్పపాటుకన్న ఎంతో తక్కువే, అయినా యు.పి.ఎస్. బ్యాటరీలోకి మారడానికి ఆ కొద్ది వ్యవధి చాలు. ఆ శక్తి లేని సప్లయికి యు.పి.ఎస్. పెట్టినా కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది.

దుకాణంలో, "కేబినెట్‌లోనే వస్తది గద సార్, మూడున్నర వేలు పెట్టి మళ్ళా ఎందుకు?" అన్నారు. తమ్ముడు నా మొహం చూశాడు. లైట్ల కేబినెట్ పోయింది, గ్రాఫిక్స్ కార్డు పోయింది, చివరికి మిగిలినవన్నీ నల్లడబ్బాలే. బస్సులో సంగారెడ్డి దాకా వాడు మాట్లాడలేదు. జోగిపేట దగ్గర మాత్రం, "మోటరు కాలితె వైండింగ్ చేపిస్తం. ఇది కాలితె ఏం జేస్తం?" అని తనలో తాను అన్నట్లు అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నే జవాబు.

ఎందుకంటే ఆ బల్లమీద ఉండేది మా 40 వేలే కాదు. దరఖాస్తుకు ఆఖరి తేదీ రాత్రి పదకొండు గంటలకు పొలం పని ముగించుకుని వచ్చే పిల్ల ఒకతె ఉంటుంది. ఆమె ఫీజు కట్టి, "సబ్మిట్" నొక్కే ముందు యంత్రం ఆగిపోతే, పోయేది ఒక సంవత్సరం. అటువంటి రాత్రి ఆ మరుసటి ఏడాదే వచ్చింది. కరెంటు పోయింది. యు.పి.ఎస్. కూతపెట్టింది. తమ్ముడు ఫోను ఇంటర్నెట్‌తో కలిపి, ఐదు నిమిషాల్లో రెండు దరఖాస్తులు పంపి యంత్రాన్ని నెమ్మదిగా ఆపాడట. మర్నాడు ఫోనులో ఇది చెప్పేటప్పుడు వాడి గొంతులో లైట్ల కేబినెట్ ఊసే లేదు.

సెంటర్లు పెట్టాలనుకునే మిత్రులకు మరి రెండు మాటలు మనవి చేస్తాను. లేజరు ప్రింటరును యు.పి.ఎస్.కు తగిలించకండి. దానిలోని వేడి రోలరు ఒక్క ఊపున వందల వాట్లు లాగి యు.పి.ఎస్.ను కూలదోస్తుంది. రెండోది, కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎస్.ఎం.పి.ఎస్.ను తిట్టకండి. దానిలోని ఫిల్టరు కెపాసిటర్లు కాస్త కరెంటును ఎర్తులోకి పంపేటట్లే తయారుచేస్తారు. గోడలో ఎర్తు లేకపోతే ఆ కరెంటు మీ వేలిని దారి అడుగుతుంది. మూడో రంధ్రం ఉన్నంతమాత్రాన ఎర్తు ఉన్నట్లు కాదు. వెనక తీగ ఉందో లేదో చూపించుకోండి.

మా సెంటరు వెనక బాపు గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, ఎలక్ట్రీషియనుతో ఎర్తు వేయించాడు. ఎండాకాలంలో ఆ నేల ఎండిపోతే ఎర్తు పనిచేయదు. అందుచేత వేసవిలో తమ్ముడు షట్టరు ఎత్తగానే ముందు వెనక్కుపోయి ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోసి, అప్పుడు వచ్చి కంప్యూటరు స్విచ్చి వేస్తాడు.