మా బిడ్డ బ్రిలియంటేనా మేడం?



పేరెంట్స్ మీటింగ్‌లో మీరు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కిందటి ఏడాది ఒక తల్లి కూడా ఇలాగే అడిగారు. ఆరో తరగతి చదివే పాప పక్కనే నిలబడి ఉంది. తండ్రి నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర కూడా పోకుండా నేరుగా స్కూలుకు వచ్చారు. నేను మార్కుల షీట్ చూసి, "యావరేజ్ అండి. బోర్డు మీద ఉన్నది చూసి రాసుకోవడంలోనూ తప్పులే" అన్నాను. "ఇంటికాడ మంచిగనే చదువుతది మేడం" అని ఆమె మెల్లగా అన్నారు. పాప తల దించుకుంది. నేను తర్వాతి వాళ్లను పిలిచాను.

ఆ పాప సంగతి మళ్లీ చెబుతాను. ముందు ఆ మాట సంగతి.

బ్రిలియంట్ అంటే మెరిసేది. ఇంగ్లిష్‌లోకి ఇది 17వ శతాబ్దం చివర ఫ్రెంచ్ నుంచి వచ్చింది. ఫ్రెంచ్‌కు ఇటాలియన్ నుంచి వచ్చింది. అక్కడ బ్రిల్లారే అంటే మెరవడం. ఆ మాటకు మూలం బెరిల్ అనే రాయి పేరు కావచ్చని నిఘంటువులు చెబుతాయి. బెరిల్ అనే పేరేమో గ్రీకుల ద్వారా మన దేశం నుంచే వెళ్లింది. ప్రాకృతంలో వేరులియ, సంస్కృతంలో వైడూర్యం. దాని వెనుక ద్రావిడ మూలం ఉందని భాషావేత్తల అభిప్రాయం. ఇప్పుడు మనం నవరత్నాల్లో వైడూర్యం అంటున్నది పిల్లికన్ను రాయిని. పూర్వం ఆ పేరు బెరిల్‌ది. తమిళనాడులో కాంగేయం దగ్గర పడియూరులో ఈ రాళ్లను తవ్వేవారు. అంటే మనం గొప్పగా పలికే ఈ ఇంగ్లిష్ మాటకు పుట్టిల్లు మన దక్షిణాదే కావచ్చు!

క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఈ రాయి గురించి ఒక మంచి విషయం రాశాడు. బెరిల్ రంగు దానంతట అది మందంగానే ఉంటుందట. పనివాళ్లు ఆరు పలకలుగా సానబెడితే, ఆ అంచుల మీద పడి తిరిగొచ్చే వెలుతురుతో మెరుస్తుందట. వజ్రాల్లో బ్రిలియంట్ అనే కోత కూడా ఇలాంటిదే. అందులో 57 లేదా 58 ముఖాలు ఉంటాయి. ఏ ముఖం వంపు తప్పినా మెరుపు తగ్గిపోతుంది. అంటే ఆ మెరుపులో రాయితో పాటు సానబెట్టిన చేతికీ, పడిన వెలుతురుకూ భాగం ఉంది.

ఇది మన రామగిరి, సెంటినరీ కాలనీ, గోదావరిఖని ఇళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బాయిలోకి దిగేవారు ముందు ల్యాంప్ రూంలో క్యాప్ ల్యాంప్ తీసుకుంటారు. షిఫ్ట్ అయిపోయాక దాన్ని మళ్లీ చార్జింగ్‌కు పెడతారు. ల్యాంప్ సరిగా వెలగకపోతే "ఇది యావరేజ్ ల్యాంప్" అని ఎవరూ అనరు. చార్జింగ్ ఉందా, వైరు బాగుందా అని చూస్తారు.

నేను ఆ పాప విషయంలో ఆ మాత్రం కూడా చూడలేదు.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు పాఠం చదవమన్నాను. పుస్తకంలోది తడబడకుండా చదివింది. బోర్డు మీది వాక్యం చదవమంటే కళ్లు చిట్లించి, పక్క పిల్ల నోట్‌బుక్‌లోకి చూసింది. అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. తల్లిదండ్రులకు ఫోన్ చేశాను. కంటి పరీక్ష చేయిస్తే దూరపు చూపు తక్కువని తేలింది. కళ్లజోడు వచ్చింది. పాపకు ఫస్ట్ ర్యాంకు ఏమీ రాలేదు. కానీ క్లాసులో చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది.

మధ్యయుగంలో యూరప్‌లో ఆ బెరిల్ రాయినే కటకాలుగా వాడారు. అందుకే జర్మన్ భాషలో ఇప్పటికీ కళ్లజోడును బ్రిల్లె అంటారు. ఈ విషయం చదివిన రోజు నాకు ఆ పాపే గుర్తొచ్చింది. నేను ఆమెలో వెతికిన మెరుపు పేరూ, ఆమెకు నిజంగా కావలసిన వస్తువు పేరూ ఒకే రాయి నుంచి వచ్చాయి.

మన తెలుగు ఇంకా చక్కగా చెబుతుంది. తెల్లవారడం, తెలియడం, తెలివి అన్నీ ఒకే కుదురు మాటలు. తెల్లవారడానికి సమయం పడుతుంది. తెలివీ అంతే.

అందుకే ఒక మనవి. వచ్చే మీటింగ్‌లో "బ్రిలియంటేనా?" అని అడగకండి. "ఎక్కడ ఆగిపోతోంది? మేం ఇంట్లో ఏం చేయాలి?" అని అడగండి. నేను ఒక్క మాటలో జవాబు చెబితే ఒప్పుకోకండి. టీవీకి దగ్గరగా కూర్చుంటోందా, కళ్లు చిట్లిస్తోందా, రాత్రి నిద్ర చాలుతోందా అన్నవి ముందు తెలిసేది మీకే. అవి మాకు చెప్పండి. "ఇంటికాడ మంచిగనే చదువుతది" అన్న ఆ తల్లి మాటను నేను ఆ రోజే వినాల్సింది.