శాకాహారి టైగరు

మా టైగరుకు పేరు మాత్రమే పులిది, తిండి పెరుగన్నం. ఉల్లి, వెల్లుల్లి గడప తొక్కని ఇల్లు మాది. నాంపల్లి స్టేషను దగ్గర దొరికిన కూనను అమ్మ తన చేతి ముద్దలతో పెంచింది. ఏకాదశినాడు అదీ ఫలహారమే చేసేది. "మా ఆచారం కుక్కకు కూడా అబ్బింది" అని వచ్చినవాళ్ళతో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మూడేళ్ళు నిండేసరికి దాని బొచ్చు రాలింది. పక్కటెముకలు లెక్కకు వచ్చాయి.

పశువుల డాక్టరుగారు దాని నోరు తెరిచి చూపించారు. "42 పళ్ళున్నాయి. పెరుగన్నానికి ఇన్ని పళ్ళెందుకండీ? ఇందులో దానికి చాలినన్ని మాంసకృత్తులు లేవు. మాంసం పెట్టండి. ఉడకబెడితే మరీ మంచిది."

మా అమ్మ పొయ్యిమీద మాంసమా! "పచ్చిదే పెడతానండీ" అన్నాను.

"అయితే అందులో క్రిములుంటాయి, చేతులూ పళ్ళెమూ సబ్బుతో కడగండి. వండిన ఎముక మాత్రం పెట్టవద్దు; పెళుసెక్కి విరిగి పేగులు చీలుస్తుంది. పచ్చి ఎముకైనా మింగలేనంత పెద్దది ఇచ్చి, పక్కనే ఉండండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం."

ఆ ఒక్క విషయంలో మా ఆచారం నిలబడింది! అమ్మతో అంతా చెప్పాను. ఆవిడ మాట్లాడలేదు. అదే నా భయం.

ఆరో నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల ఆ పేరొచ్చిన ఆబిడ్స్‌లో, ఆదివారం పేవుమెంటుమీద పాత పుస్తకాలమ్ముతారు. అక్కడ అమ్మకోసం భాగవతం కొన్నాను. తిరిగివస్తూ నాంపల్లి సందులో మాంసం కొట్టుముందు నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"కుత్తే కే లియే, సాబ్?" అన్నాడు కొట్టతను నా మొహం చూసి.

కుడిచేత భాగవతం, ఎడమచేత ఖీమా పొట్లం. రెండూ తగలకుండా చేతులు బారచాపి ఇంటిదాకా నడిచాను.

పెరట్లో పెడితే టైగరు వాసన చూసి, తుమ్మి, నా వెనక నక్కింది. వంటింటికేసి చూసి కుయ్యిమంది. పెరుగన్నం కావాలట!

మర్నాటినుంచి అన్నంలో చెంచాడు ఖీమా కలిపాను. అన్నం నాకి ఖీమా వదిలేది. గోరువెచ్చని నీళ్ళు చిలకరించి వాసన రేపాను. అయిదోనాడు రుచి చూసింది; పదోనాడు తిన్నది. నెమ్మదిగా ఖీమా పెంచి అన్నం తగ్గించాను. అమ్మ ఫ్రిజ్జులో దానికి చోటెక్కడిది? రోజూ తాజాగా తెచ్చేవాణ్ణి.

నెల తరవాత ఎముక ఇచ్చాను. ఎవరూ నేర్పకుండానే ముందుకాళ్ళతో అదిమిపట్టి కొరకసాగింది. మురిసిపోయి చెయ్యి చాపాను. గుర్రుమంది. నా మీద! కళ్ళనీళ్ళు తిరిగాయి. లోపలికి వచ్చేశాను.

అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. "కుక్క కుక్కలా ఉంటే నీకు కష్టమేమిట్రా? ఇన్నాళ్ళూ అది మనకోసం మనలా ఉంది. కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. నాలా ఉంటేనే ఉంచుకుంటానన్నాడా?"

పాత సత్తుపళ్ళెం ఒకటి తెచ్చి జామచెట్టుకింద పెట్టింది. "ఇది దానిది. వంటింట్లోకి మాత్రం తేకు."

ఇప్పుడు టైగరు నిగనిగలాడుతోంది. సాయంత్రం అమ్మ భాగవతం విప్పగానే ఎముక వదిలి వచ్చి ఆవిడ కాళ్ళదగ్గర పడుకుంటుంది. మూతి కడుక్కున్నావా అని ఆవిడ అడగదు.